పసుల టీబీ: చెవిన పెట్టకూడని సలహాలు

లక్సెట్టిపేట నుంచి జన్నారం దాకా ఏ ఊళ్లోనైనా పశువు దగ్గుతోందంటే సలహాలకు కొదవుండదు. వాటిలో కొన్ని కొంప ముంచేవి.

"పిండిన పాలు పిండినట్టే తాగితేనే బలం." టీబీ ఉన్న ఆవు పాలల్లో ఆ క్రిములు ఉండొచ్చు. పచ్చిపాలు తాగిన పిల్లలకు మెడ గడ్డలు, కడుపులో టీబీ రావడానికి అదొక దారి. ఒక్క పొంగు రానిస్తే క్రిమి చస్తుంది. ఇక్కడ మహామహులే పొరబడ్డారు. 1882లో టీబీ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్, 1901లో లండన్ సభలో ఆవుల టీబీతో మనుషులకు పెద్దగా భయం లేదన్నాడు. బ్రిటన్ ఒక కమిషన్ వేసి పదేళ్లు పరీక్షలు చేయించి, 1911లో ఆ మాట తప్పని తేల్చింది. అంతటివాడి మాటే నిలవనప్పుడు, పచ్చిపాల విషయంలో ఇంటి పెద్దలకు ఎదురు చెప్పడానికి మొహమాటపడకండి.

"బక్కచిక్కుతున్నది, అంగట్ల అమ్మెయ్." నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా ఇదే. రోగాన్ని ఇంకో రైతు కొట్టంలో కట్టేసి రావడమిది. టీబీ పశువు ఏళ్ల తరబడి పైకి బాగానే ఉండొచ్చు. మేత తింటూనే చిక్కిపోవడం, పొద్దున చలిగాలికి దగ్గడం, గొంతు కింద బిళ్లలు కట్టడం కనబడేసరికి పక్క పశువుకూ అంటి ఉండొచ్చు. అనుమానముంటే పశువుల దవాఖానలో పరీక్ష అడగండి. డాక్టరు మెడ దగ్గర వెంట్రుకలు గొరిగి, చర్మం మందం కొలిచి, ట్యూబర్‌క్యులిన్ సూది వేస్తారు. 72 గంటల తర్వాత అక్కడే మళ్లీ కొలుస్తారు. మళ్లీ కొలిచే రోజు పశువును మేతకు తోలకుండా ఇంటి దగ్గరే కట్టేయండి, లేకపోతే వేసిన సూది వృథా. చాలా దేశాల్లో రోగం తేలిన పశువును చంపేస్తారు. మన దగ్గర ఆవు విషయంలో దానికి మనసు ఒప్పదు. కాబట్టి వేరే కొట్టం, వేరే తొట్టి పెట్టాలి, దూడకు కాచి చల్లార్చిన పాలు పట్టాలి. మనుషుల టీబీ గోళీలు మాత్రం వేయొద్దు. అరకొర మందుకు క్రిమి మొండికేస్తుంది.

"రోగం అడవి నుంచే వస్తది, దుప్పులను, మనుబోతులను కొట్టాలె" అనేవాళ్లూ ఉన్నారు. అది నేరం, పైగా వైద్యమూ కాదు. బ్రిటన్‌లో 1998 నుంచి ఏళ్లపాటు సుమారు 11,000 బ్యాడ్జర్లనే అడవి జంతువులను చంపి చూశారు. చంపినచోట పశువుల్లో టీబీ తగ్గింది, చుట్టుపక్కల పెరిగింది. మిగిలిన జంతువులు చెదిరి తిరగడమే కారణమన్నారు. దక్షిణాఫ్రికా క్రూగర్ అడవిలోనైతే టీబీ పెంపుడు పశువుల నుంచే అడవి గేదెలకు పాకింది. 1990లో బయటపడింది. ఆ గేదెలను తిన్న సింహాలకూ అంటింది. మనకు కవ్వాల్ పక్కనే ఉంది, 2012 నుంచి పులుల అభయారణ్యం. వానాకాలం మన మందలు అక్కడికే మేతకు పోతాయి. దగ్గే పశువును ఆ మందలో తోలకండి. ఎండాకాలం అటవీశాఖ జంతువుల కోసం నింపే నీటి గుంతల దగ్గరికి పసులను పోనీయకండి. చచ్చిన పశువును అడవి అంచున పారేస్తే పులో పందో తింటుందని చెప్పేవాళ్ల మాట అసలే వద్దు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

ఇక "మన దగ్గుకు, కొట్టానికి ఏం సంబంధం?" అంటారు. మన దగ్గు పసుల నుంచి అంటిన టీబీ కూడా కావొచ్చు. పసుల టీబీ క్రిముల్లో ముఖ్యమైనదానికి, మనుషులకు మొదట ఇచ్చే నాలుగు మందుల్లో పైరజినమైడ్ పనిచేయదు. కళ్లె పరీక్షలో టీబీ ఉందని తేలినా, ఏ రకమో మామూలుగా తెలియదు. దవాఖానకు పోతే, పసులున్నాయనీ, పచ్చిపాలు తాగే అలవాటుందనీ అడగకున్నా డాక్టరుకు చెప్పండి.