లెంగ్త్ ఎవడబ్బ సొత్తు?

ఆర్ భాషలో లెక్కలు నత్తనడక నడుస్తున్నాయని, బరువైన ముక్కను సి ప్లస్ ప్లస్‌లో రాసుకున్నాను. కంపైల్ కొట్టగానే తెర నిండా ఎర్రర్లు. తప్పు నా ఫైల్లో కాదట, నేనెన్నడూ తెరిచి చూడని స్టాండర్డ్ లైబ్రరీలో ఉందట!

కారణం ఆర్ హెడర్లోని లెంగ్త్ అనే మాక్రో. దాని వెనకున్న ఫంక్షన్ అసలు పేరు ఆర్ఎఫ్_లెంగ్త్. ఇంటిపేరుతో సహా నిక్షేపంలాంటి పేరు. రాసేవాళ్ల వేళ్లు నొప్పి పుడతాయని ఇంటిపేరు ఎగ్గొట్టే సదుపాయం పెట్టారు. ప్రీప్రాసెసర్‌కు నేమ్‌స్పేసుల గొడవ పట్టదు. కంటబడ్డ ప్రతి లెంగ్త్‌కూ ఆర్ఎఫ్ తగిలిస్తుంది. స్ట్రింగుకు సొంత లెంగ్త్ ఉంది మొర్రో అన్నా వినదు.

విండోస్ హెడరూ ఇదే బాపతు. మిన్, మ్యాక్స్ తనవేనంటుంది. ఎక్స్‌లిబ్ హెడర్లయితే బూల్, స్టేటస్‌లతో ఆగక, ఏమీ లేదని చెప్పే నన్‌ను కూడా లాగేసుకున్నాయి.

ఈ కబ్జాలకు పెద్ద దిక్కు సి భాష. ఇంగ్లీషు అక్షరాల్లో ఐఎస్, టీఓ, ఎస్టీఆర్, ఎంఈఎంలతో మొదలై, వెంటనే చిన్నక్షరం వచ్చే ఫంక్షన్ పేర్లను 1989 ప్రమాణం ముందుముందు పనికొస్తాయని అట్టిపెట్టుకుంది. లాండ్రీ షాపుకు ప్రోగ్రాం రాస్తూ ‘ఇస్త్రీ’ అని పెట్టారా, కూడదు. ఐ తీసేస్తే ‘స్త్రీ’, అదీ కూడదు. టోపీ కూడదు. టొమాటో కూడదు. మెంబరు కూడదు. ఇసుక అసలే కూడదు. దాని మీద పెద్దల కన్ను ఎక్కడైనా ఉండేదే.

తిట్టుకుందామంటే నోరు రాదు. అప్పట్లో కొన్ని లింకర్లకు బయటి పేర్లలో మొదటి 6 అక్షరాలే ఆనేవి. ప్రింట్ఎఫ్, మాలాక్‌లను ఇంగ్లీషులో లెక్కపెట్టుకోండి, సరిగ్గా ఆరే. ఆ ఇరుకులో సర్దుకున్నవాళ్లకు, రేపు ఇంకెన్ని భాషలొస్తాయో ఎలా తెలుస్తుంది? నా దిగులు వేరు. ఉన్న కాస్త తెలివీ కొత్తది కట్టడానికి కాక, రెండు పాతవి ఒకదానికొకటి తగలకుండా జరపడానికే అయిపోతోంది. ఇవాళేం చేశావని ఇంట్లో అడిగితే, ఒక పేరుకు ఇంటిపేరు తిరిగిచ్చానని చెప్పుకోనా?

మందు ఒక్క లైనే: 2025కు ముందటి ఆర్ అయితే, దాని హెడర్ కలిపే ముందు ఆర్_నో_రీమ్యాప్ అని డిఫైన్ చేయండి. విండోస్‌కైతే నోమిన్‌మ్యాక్స్. మీరే హెడర్ రాసేవారైతే మాత్రం బాబ్బాబు, ఊరందరూ వాడే మాటలను మాక్రోలు చేయకండి.