నీకో దండం, హరాత్మక శ్రేణీ!

తల్లీ హరాత్మక శ్రేణీ,

ఉభయకుశలోపరి. నీ క్షేమం అడగక్కర్లేదు, నీకు హద్దు లేదని 14వ శతాబ్దంలోనే తేలిపోయింది. మా క్షేమమే అంతంతమాత్రం. ఇక్కడ అమెరికాలో ఫాల్ సెమిస్టరు సగం దాటింది. నేను పాఠాలు చెప్పే కమ్యూనిటీ కాలేజీలో కాల్క్యులస్-2 పిల్లలు సరిగ్గా నీ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. దీపావళికి మాకు సెలవుండదు. పండగపూట దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్న పేపర్ల నిండా నువ్వే.

ఇది బహిరంగ లేఖ కాబట్టి నిన్ను ఎరగనివాళ్లూ చదువుతారు. వాళ్లకోసం నీ రూపురేఖలు చెప్పేస్తాను. 1 + 1/2 + 1/3 + 1/4 + 1/5, ఇలా పోతూనే ఉంటావు. ప్రతి పదమూ ముందుదానికంటే చిన్నది. వెయ్యో పదం వెయ్యో వంతు, కోటో పదం కోటో వంతు. చూడ్డానికి నీ అంత అమాయకురాలు మరొకరు లేరు. అందుకే కదా ప్రతి సెమిస్టరూ కొత్తవాళ్లు నీ మాయలో పడేది.

మొన్న ఒక తెలుగమ్మాయి పడింది. భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో వచ్చి, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కోసం మళ్లీ మొదటి మెట్టు నుంచి చదువుకుంటోంది. క్లాసులో నన్ను ప్రొఫెసర్ అంటుంది, బయట వరండాలో అక్కా అంటుంది. సెప్టెంబరంతా ఆ అమ్మాయిదే రాజ్యం. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, సైన్ పవర్ ఎన్‌కి రిడక్షన్ ఫార్ములా, అన్నీ ఇంటర్ రెండో సంవత్సరం గణితం 2బి లో నూరిపోసిన సరుకే. పక్కనున్న అమెరికన్ కుర్రాళ్లు ఏ సబ్‌స్టిట్యూషన్ వాడాలా అని పెన్సిలు కొరుకుతుంటే ఈ అమ్మాయి జవాబు రాసి, ప్లస్ సి కూడా పెట్టేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. కానీ 2బి లో నువ్వు లేవు. ఎంసెట్‌లోనూ లేవు. మా చదువుల్లో శ్రేఢులున్నాయి, వాటి మొత్తాలకి సూత్రాలున్నాయి. "అసలు మొత్తం అంటూ ఒకటి ఉందా?" అని అడిగే అలవాటు మాత్రం మాకెవరూ చెయ్యలేదు.

"అక్కా, 1/n సున్నాకి పోతోంది కదా. కలపడానికి ఏమీ మిగలనప్పుడు మొత్తం ఎలా పెరుగుతుంది?" అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు, నీ వాలకానిది. నువ్వు పెరిగే తీరే అలాంటిది. మొదటి 4 పదాలకే 2 దాటతావు, ఆహా అనుకుంటాం. 3 దాటడానికి 11 పదాలు. 5 దాటడానికి 83. 10 దాటడానికి 12,367. ఒక్కో అంకె పైకి ఎక్కడానికి అంతకుముందు వాడిన పదాలకి సుమారు 2.718 రెట్లు కావాలి, అంటే దాదాపు e రెట్లు. 100 దాటాలంటే 15 పక్కన 42 సున్నాలు పెడితే వచ్చేటన్ని పదాలు కలపాలి. విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లయిందంటారు. ఆనాటి నుంచి సెకనుకొక పదం చొప్పున ఆపకుండా కలుపుతూ వచ్చినా ఇవాళ్టికి నీ మొత్తం 41 దాటి ఉంటుందంతే. ఇంత నిదానంగా నడిచేదాన్ని చూసి ఎక్కడో ఆగిపోతుందని ఎవరనుకోరు?

మా ఇళ్లకొచ్చే చుట్టాల్లో ఒక రకం ఉంటారు. "ఇక వెళ్లొస్తాం" అని లేచి హాల్లో అరగంట, గుమ్మంలో పావుగంట, మెట్ల మీద పది నిమిషాలు, కారు తలుపు పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడతారు. మాట చిన్నదవుతూనే ఉంటుంది, మనిషి మాత్రం కదలడు. నువ్వు ఆ రకం.

కంప్యూటర్లనీ వదల్లేదు నువ్వు. సింగిల్ ప్రెసిషన్‌లో నిన్ను మొదటి పదం నుంచి వరసగా కలుపుకుంటూ పొమ్మంటే 20,97,152 పదాల దగ్గర మొత్తం కదలడం మానేస్తుంది. అప్పటికి చేరిన మొత్తం పక్కన కొత్త పదం మరీ చిన్నదైపోయి, రౌండింగులో మాయమైపోతుంది. 15.4037 అని చూపించి ఊరుకుంటుంది. చిత్రమేమిటంటే అది కూడా తప్పే. అన్ని పదాలకి అసలు మొత్తం సుమారు 15.13. ఆగని నిన్ను ఆగావంటుంది, ఆగిందన్న చోటు కూడా తప్పు చెబుతుంది. ప్రోగ్రాం రాసి చూశాం, సమాధానం వచ్చేసింది అనే పిల్లలకి ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు. ఈ ఒక్క విషయంలో నీకు రుణపడి ఉన్నాను.

నీ గుట్టు మొదట విప్పినవాడు ఫ్రాన్సులో నికోల్ ఒరెం. 1350 ప్రాంతం. కాల్క్యులస్ పుట్టడానికి మూడొందల ఏళ్ల ముందు మాట. ఆయన తర్వాత బిషప్పు కూడా అయ్యాడు. ఆయన చేసిందేమిటి? నీ పదాలని గుంపులు కట్టాడు. 1/3, 1/4 రెండూ పావుకి తగ్గవు కాబట్టి కలిస్తే అర దాటతాయి. తర్వాత నాలుగు, 1/5 నుంచి 1/8 దాకా, ఒక్కోటీ ఎనిమిదో వంతుకి తగ్గదు కాబట్టి మళ్లీ అర. తర్వాత ఎనిమిది కలిపి మరో అర, పదహారు కలిపి మరో అర. అరలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, ఇంక నిన్ను ఆపేదెవరు? ఐదో తరగతి భిన్నాలు వస్తే చాలు, ఈ రుజువు అర్థమవుతుంది. అంత తేలికైనదాన్ని లోకం మర్చిపోయింది. 1650లో ఇటలీలో మెంగోలి, ఆ తర్వాత బెర్నూలీ సోదరులు మళ్లీ మొదటి నుంచి కష్టపడ్డారు. 1689లో యాకోబ్ బెర్నూలీ తన పుస్తకంలో తమ్ముడు యోహాన్ రుజువు కూడా వేశాడు. ఆ అన్నదమ్ముల తగాదాలు ఎరిగినవాళ్లకి ఇదో వింత.

ఇంత చక్కటి రుజువుండగా మా పుస్తకాలు ఏం చేస్తాయో తెలుసా? పరీక్షల జాబితా చేతిలో పెడతాయి. రేషియో టెస్టు, రూట్ టెస్టు, కంపారిజన్, లిమిట్ కంపారిజన్, ఇంటిగ్రల్ టెస్టు, ఆల్టర్నేటింగ్ సిరీస్ టెస్టు. దానికో ఫ్లోచార్టు. ఇది అయితే అటు, అది కాకపోతే ఇటు. పిల్లలు దాన్ని వాచ్‌మన్ దగ్గరుండే రిజిస్టరులా చూస్తూ, వచ్చిన ప్రతి శ్రేణినీ ముందు రేషియో టెస్టుకి పంపిస్తారు. నీ దగ్గరికి వచ్చేసరికి ఆ టెస్టుకి నోరు పడిపోతుంది. పక్క పదాల నిష్పత్తి n/(n+1), అది 1కి పోతుంది, 1 వస్తే టెస్టు ఏమీ చెప్పలేనంటుంది. రూట్ టెస్టూ అంతే. అక్కడ పిల్లలు ఏం చెయ్యాలో తోచక, మూడొంతుల మంది "పదాలు సున్నాకి పోతున్నాయి కాబట్టి కన్వర్జెంట్" అని రాసి కింద గీత కొడతారు. ఆ గీత చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోపం పిల్లల మీద కాదు, జాబితా మీద.

సరే, హద్దు లేనిదానివి, ఒప్పుకున్నాం. మరి అలాంటప్పుడు అంత సన్నటి అంచు మీద నిలబడటమెందుకు? n ఘాతం 1 ఉన్నంతసేపూ నువ్వు నువ్వే. దాన్ని 1.01 చేస్తే కట్టుబడిపోతుంది, మొత్తం 100.58 దగ్గర ఆగుతుంది. కంటికి కనపడని నూరో వంతు తేడా అంతే. ఇంకో సంగతి చెబితే క్లాసులో ఎవరూ నమ్మరు. నీ హారాల్లో 9 అనే అంకె ఉన్నవాటన్నిటినీ, 9, 19, 29, 90, 91, ఇలా ఎక్కడ 9 కనిపించినా సరే, ఏరి పారేస్తే మిగిలినదాని మొత్తం 23 కూడా దాటదు. సుమారు 22.92. కెంప్నర్ అనే ఆయన 1914లో ఇలా మిగిలినదానికి హద్దుందని చూపించాడు. ఒక్క అంకె మీద నిషేధం పెడితే ఇంత కుదేలవుతావా అని మొదట నవ్వొస్తుంది. కాస్త ఆలోచిస్తే సంగతి తెలుస్తుంది. వంద అంకెల సంఖ్యల్లో 9 లేనివి లక్షకి మూడు కూడా తేలవు. పెద్ద సంఖ్యల్లోకి పోయేకొద్దీ దాదాపు అన్నిటిలోనూ ఎక్కడో ఒక 9 ఉంటుంది. ఏరి పారేశామనుకున్నది కొంచెం కాదు, నీ బలమంతా.

ఇవన్నీ నీ చమత్కారాలు, వీటిమీద నాకు పేచీ లేదు. నా అసలు పేచీ వేరే ఉంది.

ఈ కోర్సు పేరు చాలాచోట్ల ఇప్పటికీ "కాల్క్యులస్ అండ్ ఎనలిటిక్ జామెట్రీ". ఎమ్ఐటీ ప్రొఫెసర్ జార్జ్ థామస్ 1950ల మొదట్లో తెచ్చిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకం పేరూ అదే. తర్వాతి ముద్రణలకి వచ్చేసరికి అట్ట మీద జామెట్రీ రాలిపోయి "థామస్ కాల్క్యులస్" మిగిలింది. అట్ట మీద జరిగిందే మా క్లాసుల్లోనూ జరుగుతోంది. శ్రేణులు నవంబరంతా తినేస్తాయి. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు అయిపోయాక, డిసెంబరు ఫైనల్స్‌కి ముందు మిగిలిన నాలుగు రోజుల్లో పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం, పోలార్ నిరూపకాలు, అన్నిటినీ పరుగు మీద చూపించి "ఇది పరీక్షకి రాదులే" అని వదిలేస్తాం. మా ఇంటర్ 2బి లో సగం పుస్తకం వృత్తాలూ శంకు పరిచ్ఛేదాలే. నాభి, నియతరేఖ, ఉత్కేంద్రత అని నిద్రలో లేపినా చెప్పేవాళ్లం. వాటి స్థలం నువ్వు ఆక్రమించావని చాలాకాలం నీ మీద గుర్రుగా ఉండేదాన్ని.

కానీ చూడబోతే నువ్వూ అతిపరావలయం ఇంటిదానివే.

y = 1/x గీస్తే అది లంబ అతిపరావలయం. దాని మీద ఒక్కో యూనిట్ వెడల్పున దీర్ఘచతురస్రాలు నిలబెడితే ఎత్తులు 1, 1/2, 1/3, 1/4. అంటే నువ్వే, మెట్లు మెట్లుగా. కింద వక్రం, పైన నువ్వు. వక్రం కింది వైశాల్యంలో దాగిన లాగరిథం లక్షణం 1647లో బెల్జియం జెస్యూట్ గ్రెగరీ సెయింట్ విన్సెంట్ పుస్తకంలో ఉంది, రెండేళ్ల తర్వాత డి సరాసా దాన్ని తేటతెల్లం చేశాడు. n దాకా వక్రం కింద ఉండేది ln n, దానికి హద్దు లేదు. దానికంటే ఎప్పుడూ పైనే ఉండే నీకెక్కడిది? ఇంటిగ్రల్ టెస్టు అని ఫ్లోచార్టులో ఒక గడిలో ఇరికించింది ఈ బొమ్మనే. వక్రానికీ మెట్లకీ మధ్య మిగిలిన చిన్న చిన్న ముక్కలన్నిటినీ ఎడమకి జరిపితే అన్నీ మొదటి చదరంలో ఇమిడిపోతాయి. వాటి మొత్తం 0.5772 దగ్గర నిలుస్తుంది. ఆయిలర్ ఆ సంఖ్యని లెక్కగట్టి దాదాపు మూడొందల ఏళ్లవుతోంది. అది కరణీయమో అకరణీయమో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. కమ్యూనిటీ కాలేజీ బల్ల మీద గ్రాఫ్ పేపరు పెట్టి గీసిన బొమ్మలోంచి, ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న బయటికి రావడం పిల్లలు ఊహించరు.

అదే వక్రాన్ని 1 నుంచి అనంతం దాకా x అక్షం చుట్టూ తిప్పితే టొరిచెల్లి బూర వస్తుంది. ఘనపరిమాణం π, ఉపరితలానికి హద్దు లేదు. రంగుతో నింపొచ్చు గానీ రంగు వెయ్యలేమని క్లాసులో ఒకటే నవ్వు. అదీ మీ చుట్టమే.

కాబట్టి రాజీకొద్దాం. నా షరతులు ఇవి. వచ్చే సెమిస్టరు నుంచి నువ్వు నవంబరు దాకా ఆగక్కర్లేదు. ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్ చెప్పే రోజునే, 1/x ని 1 నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేసే పూటే వచ్చెయ్. టెస్టుల జాబితా పుట్టకముందే, గ్రాఫ్ పేపరు మీద, అతిపరావలయం పక్కన నిలబడు. ముందు అందరి చేతా 83 పదాలు క్యాలిక్యులేటర్లో కలిపిస్తాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. తర్వాత ఒరెం గుంపులు కట్టిస్తాను. ఆ తర్వాతే టెస్టుల పేర్లు. ఇలా చేస్తే శ్రేణులకి పట్టే రోజులు తగ్గుతాయి, డిసెంబరులో శంకు పరిచ్ఛేదాలకి వారం మిగులుతుందని నా లెక్క. డిపార్టుమెంటు వాళ్లని ఒప్పించే బాధ్యత నాది.

ఇట్లు,
కాల్క్యులస్-2 చెప్పే ఒక టీచరు

తా.క.: వచ్చేటప్పుడు మీ 1/n² ని కూడా వెంటబెట్టుకు రా. దాని మొత్తం ఎంతని మెంగోలి 1650లో అడిగితే, π²/6 అని ఆయిలర్ 1734లో తేల్చేదాకా యూరప్ అంతా తల పట్టుకుంది. ఆగడం ఎలాగో దానికి తెలుసు. పిల్లలు మీ ఇద్దర్నీ పక్కపక్కన చూడాలి.