జారింది టైరు, విప్పింది డిఫరెన్షియల్

నా పాత మజ్దా మియాటాకి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ నా చేతులతో నేనే బిగించాను. ఈనాటికీ ఒక్క బోల్టు వదులు కాలేదు, చుక్క ఆయిలు కారలేదు. పని బాగా చేశాను. కానీ ఆ కారుకి కావలసిన పని అది కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. చేతిపని కుదిరినప్పుడు బుద్ధి ఎక్కడ తప్పిందో వెతకాలని తోచదు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. మియాటా రెండు సీట్ల చిన్న కారు, బరువు ఇంచుమించు టన్ను, నడిపేవి వెనక చక్రాలు. నాది 1996 మోడల్. ఇంజను బలాన్ని ఆ రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, మామూలు ఓపెన్ రకంతో వచ్చింది. మా డ్రైవ్‌వే రోడ్డు మీది నుంచి గ్యారేజీకి పల్లంగా దిగుతుంది. చలికాలంలో ఇంటి నీడ పడే వైపు మంచు కరగక ఐసుగడ్డలా బిగుసుకుపోతుంది. రెండోవైపు ఎండ తగిలి కాంక్రీటు పొడిగానే ఉంటుంది. పొద్దున్నే కారు ఎక్కించబోతే ఐసు మీది చక్రం గిర్రున తిరిగేది, పొడినేల మీది చక్రం కదిలేది కాదు. పవరంతా జారే చక్రానికే పోతోంది, దాన్ని అడ్డుకుంటే చాలు అనుకున్నాను. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు తరచుగా అనే మాటే అది. నేనూ అదే పట్టుకున్నాను.

నిజానికి ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ ఇంచుమించు సమానంగానే టార్క్ పంచుతుంది. వేగాలు వేరవుతాయి గానీ తోసే బలం వేరవదు. ఐసు మీది చక్రం ఎంత బలాన్ని నేలకి ఆనించగలదో, పొడినేల మీది చక్రానికీ అంతే అందుతుంది, అంతకు మించి అందదు. ఎక్కడికో పోతున్న టార్క్ ఏమీ లేదు, లేనిది పట్టు. మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా ఉన్నవాణ్ణి. ఒక కాగితం మీద రెండు బాణాలు గీసుకుని ఉంటే తెలిసిపోయేది. గీయలేదు.

నేను కొన్న లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ టోర్సెన్ రకం. దీని మూలం వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికన్ 1958లో పేటెంటు పొందిన డిఫరెన్షియల్. లోపల వర్మ్ గేర్లు ఉంటాయి, వాటి పళ్ల మధ్య రాపిడే దాని బలం. ఒక చక్రం పట్టు తప్పుతుంటే పట్టున్న చక్రానికి కొన్ని రెట్లు ఎక్కువ టార్క్ పంపిస్తుంది. ఆ ‘రెట్లు’ అన్న చోటే నేను బోర్లాపడ్డాను. రెండున్నర రెట్లు అనుకుందాం. జారే చక్రం పది పాళ్లు మోయగలిగితే రెండోదానికి ఇరవై అయిదు అందుతాయి, బాగానే ఉంది. జారే చక్రం మోసేది దాదాపు సున్నా అయితే? సున్నాకి ఎన్ని రెట్లయినా సున్నాయే. గట్టి ఐసు మీద నా కారుకున్న వేసవి టైరు మోసేది దాదాపు అంతే.

నా తలలో ఉన్నది వేరే యంత్రం. మండపేట దగ్గర మా ఊళ్లో పెదనాన్నకి ట్రాక్టరు ఉండేది. సార్వా దమ్ములో ఒక వెనక చక్రం దిగబడి ఊరికే తిరుగుతుంటే, ఆయన సీటు కింద మడమ దగ్గరుండే పెడల్ నొక్కేవారు. అది డిఫరెన్షియల్ లాక్. రెండు చక్రాలూ ఒక్కటైపోయి, పట్టు దొరికిన చక్రమే బండిని బురదలోంచి లాక్కొచ్చేది. మళ్లీ మలుపు తిప్పేలోపు కాలు తీసేసేవారు. చిన్నప్పుడు మడ్‌గార్డు మీద కూర్చుని చూసిన ఆ దృశ్యమే నా కారులోకీ వస్తుందనుకున్నాను. ట్రాక్టరులో ఉన్నది తాళం. టోర్సెన్ తాళం కాదు.

పని మొదలుపెట్టే ముందు ఆయనతో ఫోన్లో గొప్పగా చెప్పాను. అంతా విన్నారు.

“ఒరేయ్, దమ్ములోకి దిగేముందు మనం బండికి ఏం మారుస్తాం?”

“కేజ్‌వీల్స్.”

“మరి నీ కారుకి ఏం టైర్లున్నాయి?”

“కారు వేరు, ట్రాక్టరు వేరు పెదనాన్నా” అన్నాను విసుగ్గా.

“సరే, జాగ్రత్తగా చేసుకో” అని ఫోను పెట్టేశారు.

లాక్ విషయంలో ట్రాక్టరునే నమ్ముకున్నవాణ్ణి, టైర్ల దగ్గరికి వచ్చేసరికి ట్రాక్టరు వేరన్నాను. ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుందని నాకు తెలుసు. ఆ ముసలాయన అడిగింది అదే. ఆయన పొలం భాషలో అడిగారు కాబట్టి నేను దాన్ని లెక్కచెయ్యలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పని మాత్రం శ్రద్ధగా చేశాను. అదే తరం మియాటా ఒకటి తుక్కుకి పోతే దాని టోర్సెన్ మొత్తంగా కొన్నాను. ఒహాయో రోడ్ల మీద చలికాలంలో ఉప్పు చల్లుతారు, కారు కింద ప్రతి బోల్టునీ తుప్పు కరిచిపట్టి ఉంటుంది. ఆయిలు పోసే బిరడా ముందు విప్పాలి, కార్చే బిరడా తరవాత. ముందు కార్చేసి, పోసేది రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది. మియాటాలో గేర్‌బాక్సునీ డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఒకటి ఉంటుంది. దాన్ని విప్పేముందు గేర్‌బాక్సు తోకకి కింద ఊతం పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు ఎత్తు సరిగ్గా కొలవాలి, లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి కారంతా వణుకుతుంది. డిఫరెన్షియల్‌లో ఇరుక్కునే ఇనప స్లీవు ఒకటుంది. దాని చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున సుత్తితో మెల్లగా తట్టి వదులు చేశాను. ఇవన్నీ ఓపిగ్గా చేసిన మనిషి, అసలు ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగలేకపోయాడు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. పాత డిఫరెన్షియల్‌ని జాకీ మీద దించేటప్పుడు పట్టుకుంటానని మా ఆవిడ వచ్చింది. చలిగా ఉంది, లోపలికి వెళ్లమన్నాను. దాన్ని జాకీకి కట్టలేదు కూడా. సగం దిగాక పక్కకి ఒరిగి పడింది. నా మణికట్టుకి బెత్తెడు దూరంలో కాంక్రీటు పెచ్చు లేచింది. గేర్ ఆయిలు గంధకం కంపు కొడుతుండగా చాలాసేపు అలాగే కారు కింద పడుకుండిపోయాను. ఇంట్లో మాత్రం ఏదో జారిందని చెప్పాను.

మంచు కురిశాక వాలు ఎక్కించి చూశాను. మామూలుగా ఎక్కలేదు. హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగి పట్టుకుంటే, జారే చక్రానికి బ్రేకే బరువై, రెండోదానికి టార్క్ అంది, కారు కదిలింది. గెలిచాననుకున్నాను. అదే వారంలో మా వీధి చివర, మంచు పరుచుకున్న మలుపులో యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కాను. వెనక చక్రాలు రెండూ ఒక్కసారే జారి తోక తిరిగిపోయింది, కారు వచ్చిన దారి వైపే మొహం పెట్టి ఆగింది. మా ఆవిడ పక్కసీట్లో ఉంది. ఎదురుగా ఏ బండీ రాలేదు.

ఎందుకలా జరిగిందో ఆ రాత్రి కాగితం తీసుకుని మొదటిసారి బాణాలు గీశాను. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్నప్పుడు ఒక చక్రం తిరిగిపోతుంటే రెండోది నేలని పట్టుకునే ఉంటుంది, తోక పక్కకి పోకుండా ఆపుతుంది. తిరుగుతున్న టైరుకి పక్కకి జారకుండా ఆపే శక్తి ఇంచుమించు పోతుంది. రెండూ కలిసి తిరిగితే ఆపడానికి ఏదీ మిగలదు. నేను జబ్బనుకుని తీయించుకున్నది ఇన్నాళ్లూ కారుని తిన్నగా నిలబెట్టిన గుణం.

టోర్సెన్ తీసేయలేదు. వేసవిలో హాకింగ్ హిల్స్ కొండదారుల మలుపుల్లో లోపలి చక్రం తేలికపడిన చోట కారు నేలని పట్టుకుని బయటికి వస్తుంది. అది అందుకోసం పుట్టిన యంత్రమే, ఆ పని చక్కగా చేస్తుంది. చలికాలానికి టైర్లు కొన్నాను. వెనకవి రెండు చాలనుకున్నాను గానీ, నాలుగూ మార్చాల్సిందేనని టైర్ల కొట్టతను పట్టుబట్టాడు. వాదించలేదు. డ్రైవ్‌వే ఆ టైర్లతో హ్యాండ్‌బ్రేకు ముట్టుకోకుండానే ఎక్కింది. పాత డిఫరెన్షియల్‌తోనూ ఎక్కేదనే నా నమ్మకం.

పెదనాన్నకి ఫోను చేసి మలుపులో కారు తిరిగిపోయిందీ, మణికట్టు పక్కన ఇనుము పడిందీ అన్నీ చెప్పాను. ఆయన తిట్టలేదు. “ముందు చక్రాలకీ మార్చావా? తిప్పేవి అవే కదా” అని మాత్రం అడిగారు.

మార్చానని చెప్పాను. మా ఆవిడకి అసలు సంగతి చెప్పింది కూడా ఆ తరవాతే.