పాత జీపు ఆసామి, జ్వరం ముల్లు

పాత జీపు ఆసామిని పోల్చుకోవడానికి జీపు కనబడనక్కర్లేదు. పెళ్లి భోజనాల్లో సాంబారు బకెట్టు మీంచి లేచే ఆవిరి వంక అనుమానంగా చూసే మనిషి కనిపిస్తే చాలు, ఆయన పెరట్లో 1985 నాటి జిప్సీయో, అంతకన్నా ముసలి మహీంద్రాయో ఉన్నట్టే. పెద్దబ్బాయి పుట్టినరోజు అడిగితే తడుముకుంటాడు గానీ, బండికి టెంపరేచర్ సెన్సరు మార్చిన తేదీలు మాత్రం మూడూ వరసగా చెబుతాడు. ఇంజిన్ వేడి చూపే ముల్లుతో ఆయనకున్నది ఒకటే ఒప్పందం. కింద ఉంటే బండి బంగారం, పైకి లేస్తే సెన్సరు దొంగ. ఈయన్ని అనుమానప్పక్షి అని నవ్వడం న్యాయం కాదు. అనుమానించడంలో తప్పేమీ లేదు, పట్టుకున్న కొసే తప్పు.

ఎందుకంటే ఆ తరం బళ్లలో చాలావాటికి గేజీ సెన్సరు ఒంటి తీగది. లోపలి పూసకి వేడి తగిలేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గుతుంది. అడ్డు తగ్గితే ముల్లు లేస్తుంది. ఎర్త్ కోసం వేరే తీగ ఉండదు, సెన్సరు మరలోంచే ఇంజిన్ ఇనుములోకి పోతుంది. ఇక ముసలితనం చేసే పనులు చూడండి. టెర్మినల్‌కి చిలుము పడుతుంది, తీగ లోలోపల తెగుతుంది, మరకి తుప్పు పడుతుంది. ఇవి చాలనట్టు లీకు భయంతో కుర్ర మెకానిక్ కుళాయికి చుట్టినట్టు టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుడతాడు. వీటిలో ప్రతిదీ అడ్డుని పెంచేదే, అంటే ముల్లుని దించేదే. కూలెంట్ తగ్గి సెన్సరు మూతి గాలిలో తేలినా అంతే, లోపల ఇంజిన్ కుతకుతలాడుతుంటే బయట ముల్లు చల్లగా పడుకుని ఉంటుంది. ముసలి సెన్సరు అబద్ధమాడితే ఎక్కువగా తీపి అబద్ధమే ఆడుతుంది. ఆసామి దండం పెట్టేది దానికే.

‘మరి తాళం తిప్పగానే ముల్లు ఎర్రగీతకి ఎగిరితే?’ అంటాడాయన. అది నిజంగా అబద్ధమే, ఒప్పుకోవాలి. చల్లటి ఇంజిన్ మీద అలా ఎగిరిందంటే సాధారణంగా తీగ ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్టు. దానితోపాటు పెట్రోలు ముల్లు కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే, డ్యాష్‌బోర్డు వెనక రెండు గేజీలకీ వోల్టేజీ అందించే బుడ్డి మీద కన్నేయాలి. ఈ రెంటిలో దేనికీ కొత్త సెన్సరు మందు కాదు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మెల్లగా లేచి, దిగుతుంటే మెల్లగా దిగే ముల్లు మాత్రం నిజమే చెబుతోంది. అప్పుడు అడగాల్సింది మట్టి పట్టిన రేడియేటర్‌ని, వదులైన ఫ్యాన్ బెల్టుని, తెరుచుకోని థర్మోస్టాట్‌ని.

‘చవక సామానే కదా, మారిస్తే పోయేదేముంది?’ అన్నది రెండో వాదన. ఆటోనగర్‌లో ఈయన కొనే తీరు చూస్తే పోయేదేమిటో తెలుస్తుంది. జేబులోంచి పాతది తీసి, కొత్తదాని పక్కన పెట్టి, మర కలిసిందని డబ్బులిచ్చేస్తాడు. మర కలిస్తే జాతకం కలిసినట్టు కాదు. గేజీకి సరిపడని సెన్సరయితే బిగించిన రోజునుంచే తప్పు చెబుతుంది. పాతదాన్నే గిన్నెడు నీళ్లలో, మూతి మునిగేలా, అడుగుకి తగలకుండా వేలాడదీసి, పక్కనో థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగిస్తే పావుగంటలో తేలిపోతుంది. నీళ్లు కాగేకొద్దీ మల్టీమీటర్‌లో ఓమ్‌లు గెంతులు లేకుండా తగ్గాలి, ఆ అంకెలు బండి మాన్యువల్‌తో కలవాలి. అంత తేలికైన పరీక్ష ఆసామి చేయడు. ఇంట్లోవాళ్లు గిన్నె ఇవ్వరన్నది పైకి చెప్పే కారణం. పరీక్షలో సెన్సరు నిర్దోషిగా తేలితే రేడియేటర్ విప్పాలి, ఆ ఖర్చు వేరు. అనుమానితుల్లో అందరికన్నా చవకవాడు సెన్సరే.

ఇలాంటి ఆసామి పక్కన కూర్చుని మీరెప్పుడైనా ఘాట్ ఎక్కాల్సివస్తే, ముల్లు లేచినప్పుడు ఎలాగూ ఆపించాలి. ఎంత ఎక్కినా ముల్లు కదలకపోతే అప్పుడూ ఆపించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా మాత్రం ఆయన్ని రేడియేటర్ మూత ముట్టుకోనివ్వకండి.