డిశ్చార్జి బుక్కులో ఖాళీ గీత

మా రోజుల్లో పల్టన్‌లో కమాండింగ్ ఆఫీసరు తర్వాత మేం భయపడింది హెడ్ క్లర్కుకే. లంగర్ దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఆపి, "ఏయ్ ఆంధ్రా, పెళ్ళి చేసుకుని వచ్చావు, కాగితం ఎక్కించావా లేదా?" అని హిందీలో కేకలేసేవాడు. జవాను బతుకులో పెళ్ళి కానీ, బిడ్డ పుట్టడం కానీ, ప్రమోషన్ కానీ, గాయం కానీ, మెడల్ కానీ, పార్ట్ టూ ఆర్డర్ అనే యూనిట్ ఉత్తర్వులో పడితేనే జరిగినట్టు లెక్క. టైపు మిషను మీద స్టెన్సిల్ కొట్టి, సైక్లోస్టైల్ తీసి, ఒక కాపీ రికార్డ్స్ ఆఫీసుకి పంపేవారు. అక్కడ ఇంకో క్లర్కు దాన్ని చూసి ఆ జవాను షీట్ రోల్‌లో, అంటే సర్వీసు రికార్డులో, సిరాతో ఎక్కించేవాడు. తప్పు పడితే గీకి చెరపడానికి వీల్లేదు. పాత మాట కనపడేలా ఒకటే గీత కొట్టి, పైన సరైన మాట రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఎవరు తప్పు రాశారో, ఎవరు దిద్దారో పదేళ్ళ తర్వాత చూసినవాడికి కూడా తెలిసేది.

నాకిప్పుడు 75 ఏళ్ళు. 1968లో చేరాను. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర. మిలిటరీ మాధవరం మాకు నడిచి వెళ్ళే దూరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ పట్టాళానికి మనుషుల్ని పంపుతున్న ఊరది. ఆ గాలి మా ఊరికీ సోకింది. మా మేనమామ కొడుకు, నాకు బావ, నాకంటే రెండేళ్ళు ముందు చేరాడు. ఇద్దరం ఒకే ఫీల్డ్ కంపెనీలో పడ్డాం. మేం ఇంజనీర్లలో సాపర్లం. శత్రువు పాతిన మందుపాతరలు తీయడం, కూల్చిన వంతెనల చోట కొత్తవి వేయడం మా పని.

ఇప్పుడు నేను రాసేది బావ గురించి. ఆయన ఛాతీ మీద ఉండాల్సిన పూర్వీ స్టార్ అనే మెడల్ గురించి.

1971 డిసెంబర్ 3న యుద్ధం మొదలయ్యేటప్పటికి మేం బెంగాల్ సరిహద్దులో ఉన్నాం. జెస్సోర్ 7వ తేదీన మన చేతికొచ్చింది. పాకిస్తాన్ వాళ్ళు వెనక్కి పోతూ దారిలో వంతెనలు పేల్చుకుంటూ పోయారు. ఆ దేశంలో అడుగడుక్కీ ఒక కాలవ, ఒక ఏరు. మన ట్యాంకులూ లారీలూ గట్టు మీద బారులు తీరి నిలబడేవి, మేం వచ్చి బెయిలీ వంతెన వేసేదాకా. బెయిలీ ప్యానెల్ అంటే 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు ఉన్న ఇనప చట్రం. 260 కిలోలకి కాస్త అటూ ఇటూ. ఆరుగురు కలిస్తేనే లేస్తుంది. చీకట్లో, దీపం లేకుండా, నోరెత్తకుండా మొయ్యాలి.

9వ తేదీ రాత్రి బావ మాకు ముందు నడిచే జట్టులో ఉన్నాడు. అవతలి గట్టు ఎక్కే చోట ఊచతో నేల పొడుచుకుంటూ మందుపాతరలు వెతుకుతున్నారు. ఒకటి పేలింది. ముందున్నవాడి పాదం పోయింది. బావ తొడలో నాలుగు ఇనప ముక్కలు దిగాయి. ఆ క్షణాన ప్యానెల్ నా భుజం మీద ఉంది. నేను భుజం తప్పిస్తే మిగతా ఐదుగురి మీద పడుతుంది. బావ గొంతు నాకు తెలుసు, అరుపు వినపడుతోంది, అయినా ఆ ఇనుము కిందికి దించేదాకా నేను కదల్లేదు. తర్వాత పరిగెత్తాను. అప్పటికే స్ట్రెచర్ మీదకి ఎత్తేశారు.

డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం పెట్టి, 93,000 మంది లొంగిపోయిన రోజున బావ మిలిటరీ ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. గాయం మానింది. మళ్ళీ డ్యూటీకి పనికొస్తాడని రాశారు. కానీ మా కంపెనీకి తిరిగి రాలేదు, ఇంకో యూనిట్‌కి పంపారు. ఆ తర్వాత పూర్వీ స్టార్ కోసం పేర్ల జాబితా రాసేనాటికి మా కంపెనీ బలగంలో ఆయన పేరు లేదు. కొత్త యూనిట్ వాళ్ళేమో మావాడు ఇక్కడ యుద్ధం చెయ్యలేదన్నారు. రెండు జాబితాల మధ్య మనిషి జారిపోయాడు. గాయపడినవాళ్ళకి ఇచ్చే పరాక్రమ్ పదక్ కూడా అలాగే పోయింది.

తప్పు పడింది మా రోజుల్లోనే. ఆ మాట నేను దాచను. మా హెడ్ క్లర్కు ఎంత గట్టివాడైనా ఆ జాబితాలో బావ పేరు లేకపోవడం ఆయన కళ్ళు కప్పింది. కానీ అదే తప్పు 1973లో కనబడి ఉంటే వారం పట్టేది కాదు. బావ దరఖాస్తు రాసి సుబేదార్ సాబ్‌కి ఇచ్చేవాడు. సుబేదార్ సాబ్ మా కంపెనీకి ఉత్తరం రాయించేవాడు. "అవును, వీడు మాతోనే ఉన్నాడు, 9న దెబ్బ తగిలింది" అని మా వాళ్ళు తిరుగు టపాలో చెప్పేవాళ్ళు. నాతో సహా నలభై మంది సాక్షులం. బావ అడగలేదు. నేనూ అడగమనలేదు, ఆయనకి వచ్చే ఉంటుందనుకున్నాను. 1976లో మామయ్య మంచాన పడితే బావ డిశ్చార్జి తీసుకుని వచ్చి నాగలి పట్టాడు. పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి, ఆయనకి పదేళ్ళే. దాని గురించి కూడా ఏనాడూ మాట్లాడలేదు.

బావ డిశ్చార్జి బుక్కు నా ఎదురుగా ఉంది. అంచులు చెదలు తిన్నాయి. మెడల్స్ పేజీలో నీలం సిరాతో మూడు పేర్లు ఉన్నాయి: సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 9 ఏళ్ళ సర్వీసు మెడల్. నాలుగో గీత ఖాళీ. ఆ ఖాళీ గీత మీద మాత్రం కాగితం కాస్త అరిగి ఉంది. ఎన్నిసార్లు వేలు పెట్టి చూసుకున్నాడో.

పోయినేడాది విజయ్ దివస్‌కి జిల్లా కేంద్రంలో మాజీ సైనికుల్ని పిలిచారు. బావ మూడు మెడల్స్ పెట్టుకుని వచ్చాడు. రిబ్బన్లు చదవడం వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు మర్యాదగానే అడిగాడు: "తాతగారూ, 71లో మీరు వెనక ఉన్నారా?" సంగ్రామ్ మెడల్ సరిహద్దు రాష్ట్రాల్లో పనిచేసినవాళ్ళకి కూడా ఇచ్చారు. పూర్వీ స్టార్ అలా కాదు, అది తూర్పు రంగంలో ఉన్నవాళ్ళది. కుర్రాడు తప్పేమీ అడగలేదు. బావ "అవును బాబూ" అన్నాడు. తొడలో ఇప్పటికీ ఒక ముక్క ఉన్నవాడు, అవును బాబూ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచీ ఆ స్టార్ కోసం తిరుగుతున్నాం. మా రోజుల్లో దరఖాస్తు అంటే తెల్ల కాగితం. ఇప్పుడు ముందు పోర్టల్ అన్నారు. మనవడు కూర్చుని అన్నీ నింపాడు. ఫిర్యాదు దేని గురించో ఎంచుకోమంటుంది. పెన్షన్, పేరు తేడా, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా. రావాల్సిన మెడల్ రాలేదు అనే గడి లేదు. 'ఇతరములు' అని నొక్కితే బావ ఫోనుకి ఓటీపీ వచ్చింది. ఆయన చత్వారం కళ్ళజోడు వెతుక్కునేలోపు గడువు అయిపోయింది. మూడోసారికి వెళ్ళింది. పన్నెండు రోజుల తర్వాత 'పరిష్కరించబడినది' అని మెసేజి వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో లేదు.

తర్వాత రికార్డ్స్ ఆఫీసుకి కాగితమే పంపాం. ఆరు వారాలకి జవాబొచ్చింది. పెన్షన్ లేకుండా వెళ్ళినవాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళు ఉంచి, ఆ తర్వాత నిబంధన ప్రకారం నాశనం చేస్తారట. అందరి పేర్లూ ఉండే లాంగ్ రోల్ రిజిస్టరు ఒక్కటే మిగిలిందట. అందులో ఈ మెడల్ నమోదు కాలేదు కాబట్టి ఇవ్వడానికి వీలు పడదు, మీ దగ్గర ఆధారాలుంటే పంపండి అన్నారు. ఆధారం అంటే ఆస్పత్రి కాగితం. 1986లో గోదావరి వరదలొచ్చిన ఏడాది ఇల్లు కారి, ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ ముద్దయిపోయాయి. డిశ్చార్జి బుక్కు చూరులో ఉండబట్టి బతికింది.

ఇక్కడే నా కడుపు రగిలేది. తమ దగ్గర ఉన్న కాగితం తామే తగలబెట్టి, ఇప్పుడు 77 ఏళ్ళ ముసలాణ్ణి నీ దగ్గరేముందో చూపించు అంటే ఎలా? లాంగ్ రోల్‌లో లేదంటున్నారు. లేదు కాబట్టే కదా రాయమంటున్నాం.

2021లో రక్షణ శాఖ ఒక విధానం తెచ్చింది. యూనిట్ల వార్ డైరీలన్నీ చరిత్ర విభాగానికి చేర్చాలని, మామూలుగా 25 ఏళ్ళు దాటినవాటి మీద రహస్యం అన్న ముద్ర తీసెయ్యాలని. మంచి పని చేశారు. కానీ చూడండి, జవాను కాగితానికి 25 ఏళ్ళు నిండితే బూడిద. యుద్ధం డైరీకి 25 ఏళ్ళు నిండితే వెలుగు. ఆ డైరీ తెరిస్తే 9 డిసెంబర్ పేజీ ఉంటుంది. ఏ వంతెన, ఎన్నింటికి మొదలుపెట్టాం, ఎంతమంది గాయపడ్డారు అన్నది మా కంపెనీ కమాండరు రోజూ రాయించేవాడు, నేను చూశాను. బావ దాన్ని తెరిపించలేడు. రికార్డులు చూసేవాళ్ళు ఒక్క ఉత్తరం రాస్తే తెరుచుకుంటుంది. వెతకాల్సిన బాధ్యత పారేసుకున్నవాళ్ళది.

చెన్నై బెంచికి వెళ్ళమని ఒకాయన సలహా. సైనిక ట్రిబ్యునల్ ఉంది, గెలిచినవాళ్ళున్నారు, కాదనను. కానీ ఒక నక్షత్రం కోసం ఈ వయసులో రైలెక్కి వాయిదాలు తిరగాలా? ఇంకొకాయన "దానివల్ల పైసా వస్తుందా బాబాయ్?" అన్నాడు. రాదు. పూర్వీ స్టార్‌కి పెన్షన్ లేదు, భూమి లేదు. ఐదు కోణాల నక్షత్రం, దాని మీద నెంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నాది ఉంది, తీసి చూస్తే నా నెంబరు ఇప్పటికీ వేలికి తగులుతుంది. ఈమధ్య మా అన్నయ్య మనవడు సెలవు మీద వచ్చాడు. ఛాతీ నిండా మెడల్స్. పేరు చూద్దామని తిప్పితే నున్నగా ఉంది. అసలువి ఇంకా రాలేదు తాతయ్యా, పరేడ్‌కి కావాలని కంటోన్మెంట్ బజారులో కొనుక్కున్నాం అన్నాడు. ఎండలో, మంచులో సంపాదించుకున్నదాన్ని ఆ పిల్లాడు డబ్బు పెట్టి కొనుక్కోవడం ఏమిటి? అసలువి వచ్చేలోపు వాడు ఇంకో రెండు యూనిట్లు మారతాడు. వీడి పేరూ ఎక్కడో జాబితాల మధ్య జారిపోతుందేమోనని నా భయం. "ప్రతి పార్ట్ టూ ఆర్డర్ కాపీ దగ్గర పెట్టుకో" అని చెప్పాను. ఫోనులో ఉంది తాతయ్యా అన్నాడు. కాగితం మీద పెట్టుకో అన్నాను.

నిన్న బావ తరఫున సాక్షిగా అఫిడవిట్ రాశాను. రేపు నోటరీ దగ్గరికి వెళ్ళాలి, అక్కణ్ణుంచి పోస్టాఫీసుకి. రిజిస్టర్డ్ పోస్టు ఇక విడిగా లేదుట, స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఏదో ఒకటి, చేరిన సంతకం కావాలి. నా ఆర్మీ నెంబరు, ర్యాంకు, పేరు పైన రాశాను. ఈ మనిషి 1971 డిసెంబర్ 3 నుంచి 9 రాత్రి దాకా నాతో అదే కంపెనీలో ఉన్నాడు, గాయపడినప్పుడు నేను అక్కడే ఉన్నాను, నా కళ్ళతో చూశాను అని రాశాను. ఆ కంపెనీలో ఉన్నవాళ్ళలో నాకు ఆచూకీ తెలిసి ఇంకా బతికున్నది, బావ కాక, నాతో కలిపి ముగ్గురు. మిగతా ఇద్దరికీ ఉత్తరాలు వేశాను, ఒకాయన ఒప్పుకున్నాడు.

సాయంత్రం బావకి చదివి వినిపించాను. అరుగు మీద కళ్ళు మూసుకుని విన్నాడు. గాయం దగ్గర ఏమీ అనలేదు. వంతెన దగ్గర ఆపాడు.

"80 అడుగులని రాశావేంట్రా? 90 కదా. చివరి ప్యానెల్ ఆనే చోటు చూడటానికే కదా మమ్మల్ని అవతలికి పంపింది."

లెక్కపెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజం. తొమ్మిది ప్యానెళ్ళు. 80 మీద ఒకటే గీత కొట్టాను, పైన 90 అని రాశాను, పక్కన పొట్టి సంతకం పెట్టాను.