గవాక్ష వ్రణ చికిత్స: టీకా తాత్పర్యం

అవతారిక: సత్రపట్టి రాజపాళయం పక్క ఊరు. గాయాలకు కట్టే గాజుగుడ్డ నేయడం అక్కడి మగ్గాల పని. దూరదేశాల పుండ్లకు కట్టు గుడ్డ పంపే ఊళ్ళో, సొంత ఇంటి కిటికీకి పుండు పడితే ఏం చెయ్యాలో చెప్పేది ఈ పద్యం. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాత మీదే అందరికీ అనుమానం. సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. మాకు ఆ బాధ లేదు.

కిటికి గాయమెల్ల గీకి యారగఁబెట్టి
లప్ప మిడుము పైన తప్పకుండ
క్రింద నీటిదారి కిమ్మన కుంచుము
సత్రపట్టి మాట సత్యమయ్య

ప్రతిపదార్థం:
అయ్య = ఓ ఇంటి యజమానీ!
కిటికి = కిటికీ యొక్క (ఈ ఊరి తమిళంలో జన్నల్, అది పోర్చుగీసు జనేలా; సంస్కృతంలో గవాక్షం, అంటే ఎద్దు కన్ను. పేరు ఏదైనా చినుకు వచ్చే సందు ఒకటే)
గాయము + ఎల్ల = పొక్కిన రంగు, పగిలిన మూల, కత్తిమొన సులువుగా దిగే మెత్తని చెక్క, ఇవన్నీ
గీకి = గట్టి చెక్క తగిలేదాకా తీసి, ఉప్పు కాగితంతో రుద్ది (తమిళులు ఉప్పుత్తాళ్ అంటారు; నాకి చూడరాదు)
ఆరగఁబెట్టి = తడి పోయేవరకు ఎండనిచ్చి
పైన = చట్రం పై అంచునా, రెండు పక్కలా
లప్పము = సుద్దపొడిని అవిసె నూనెతో పిసికిన ముద్దను
తప్పకుండ = బద్ధకింపక
ఇడుము = పెట్టుము
క్రింద = గట్టు వైపున
నీటిదారి = లోపల చేరిన నీరు బయటికి పోయే సందును
కిమ్మనక = వడ్రంగితో వాదులాడక
ఉంచుము = మూయక వదులుము
సత్రపట్టి మాట సత్యము = ఈ ఊరి మాట నిజము.

తాత్పర్యం: ముందు కడుగు, తర్వాత ఆరబెట్టు, ఆ తర్వాతే కట్టు కట్టు. కట్టు కట్టినా చీము పోయే దారి మూయకు.

విశేషాలు:

1. శ్లేష. పట్టి అంటే తమిళంలో పల్లె. తెలుగు చెవికి అది గాయానికి కట్టే పట్టీలా వినిపిస్తుంది. సత్రానికి వచ్చిన బాటసారి మర్నాడు వెళ్ళిపోతాడు. కిటికీలో దిగిన వాననీరు మాత్రం దారి చూపకపోతే కాపురం పెడుతుంది.

2. పూర్వపక్షం: "రాంకో సిమెంటు వాళ్ళది రాజపాళయమే కదా, ఇంత సిమెంటు మెత్తితే పోలా?" సమాధానం: పోదు. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది; సిమెంటు కదలదు. కదిలేదానికీ కదలనిదానికీ పెళ్ళి చేస్తే మధ్యలో వెంట్రుకంత చీలిక పడుతుంది. నీటికి అది చాలు. లప్పం చెక్క గాయాలకే; చెక్కకూ గోడకూ మధ్య సాగే సీలెంటే పెట్టాలి.

3. "కిమ్మనక" అన్నది వ్యర్థపదం కాదు. కింది సందు కూడా మూసెయ్యమని పోరేది యజమానులే. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు పట్టదు. తడి చెక్క మీద రంగు వేసి అన్ని వైపులా బిగిస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. పైకి నిగనిగ, లోపల పిండి. నిలువు చట్రం గట్టు మీద ఆనే చోట చెక్క కొస ఉంటుంది. ఈనె తెగిన కొస స్పాంజిలా తాగుతుంది కాబట్టి కుళ్ళు ముందు పట్టేది అక్కడే. గట్టు బయటికి వాలి ఉండాలి. దాని ముందంచు అడుగున సన్న గాడి ఉండాలి. అడుగునంటి వెనక్కి పాకే నీరు గాడి దగ్గర తెగి కింద పడుతుంది.

4. కాలనిర్ణయం. నైరుతి వానను పడమటి కనుమలు చాలావరకు అటే ఆపేస్తాయి. ఈ ఊరికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వస్తుంది. కనుక తమిళ నెలల లెక్కన గీకుడు ఆవణిలో, రంగు పురట్టాసిలో. ఐప్పసిలో నిచ్చెన వేసేవాడు వానకు గొడుగు పట్టేవాడే.

5. వ్యాఖ్యాత సొంత కిటికీ గురించి చెప్పాలంటే, అది పోయినేడు

(ఇచట గ్రంథపాతము. చెదలు కాదు. కాగితం కిటికీ గట్టు మీద పెట్టగా తడిసినది.)