చిగురుగుంట పలుగురాయి ఆత్మకథ

చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలం చిగురుగుంటలో, మూతపడిన బంగారు గని పక్కన రాళ్లగుట్ట మీద పడి ఉన్న తెల్లటి పలుగురాయి చెప్పుకునే కథ ఇది. తన గురించి చెప్పేటప్పుడు కూడా అది ‘ఈ రాయి’ అనే అంటుంది. దాని బతుకులో విడిగా తనదంటూ ఉన్నది తక్కువ, గనిదే ఎక్కువ.

ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో రాతిపొరలు ఒత్తిడికి చిట్లాయి. ఆ పగుళ్లలోకి సలసల కాగే నీరు ఎక్కింది. ఆ నీటిలో సిలికా, గంధకం, వాటితోపాటు కంటికి ఆననంత బంగారం కరిగి ఉన్నాయి. నీరు చల్లారేకొద్దీ సిలికా పలుగురాయిగా గడ్డకట్టింది, బంగారం అందులో చిక్కుకుపోయింది. ఇలాంటి రాయి ఉన్న పట్టీ ఉత్తరాన కోలారు నుంచి కుప్పం కొండల మీదుగా తమిళనాడు దాకా దాదాపు 80 కిలోమీటర్లు సాగుతుంది. వెడల్పు మాత్రం నాలుగైదు కిలోమీటర్లే. అందుకే కోలారు గనుల చరిత్ర ఈ రాయికి పరాయిది కాదు. అక్కడ 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ తవ్వకాలు సాగించింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఆ పాతాళపు వేడిలో పనిచేసినవారిలో చిత్తూరు పల్లెల తెలుగువారూ ఉన్నారు. గని కథలో మొదట తలచుకోవలసింది వారినే.

చిగురుగుంట, పక్కనున్న బిసానత్తం గనులను 1972లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ నడిపింది. రాతికి రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చి, పగిలిన ముక్కలను పైకి చేర్చేవారు. ఈ రాయి వెలుగు చూసింది అలాగే. బంగారం ఉన్న రాయిని పిండిలా నూరి సైనైడ్ ద్రావణంలో కలిపితే బంగారం కరుగుతుంది. ఆ ద్రావణంలో జింకు పొడి వేస్తే తిరిగి విడిపోతుంది. అంతా చేస్తే టన్ను రాతికి దక్కేది కొన్ని గ్రాములు, పుస్తెల జతకు సరిపోయేంత. అంతపాటి బంగారం కూడా లేని రాయి గుట్టకు చేరుతుంది. ఈ రాయి పడింది ఆ గుట్టలోనే.

తవ్వకం ఖర్చు రాబడిని మించిపోవడంతో 2001లో కోలారు గనులతోపాటు చిగురుగుంట గనీ మూతపడింది. నీళ్లు తోడే పంపులు ఆగితే గనిలో ఊట పైకి వస్తుంది, చెక్క ఊతాలు కుళ్లుతాయి, నేల కుంగుతుంది. చూడవచ్చినవారు బావుల అంచుకు, సొరంగాల నోటికి దూరంగా ఉండాలి.

ఈ రాతి పగులులో ఒక పసుపు మెరుపు ఉంది. పిల్లలు దాన్ని బంగారమని గీకి చూస్తుంటారు. అది ఇనుము, గంధకం కలిసిన పైరైటు. సుత్తితో కొడితే పొడిపొడి అవుతుంది, బంగారమైతే సాగుతుంది. వానకు పైరైటు తుప్పు పట్టి ఈ రాయి మీద ఎర్రటి చారలు పడ్డాయి. ఏటా అవి ఇంకాస్త కిందికి జారుతున్నాయి.